బరువు తగ్గించే ఆహారంలో ఉప్పు

ఉప్పులో కేలరీలు లేవు. చిటికెడు తిన్నా, గుప్పెడు తిన్నా అది శరీరానికిచ్చే శక్తి సున్నా. కాబట్టి ఉప్పు తనంతట తాను కొవ్వుగా మారే ప్రశ్నే లేదు. అయినా ఒళ్లు తగ్గాలనుకునేవారికి ఇరుగుపొరుగు చెప్పే సలహాల్లో అన్నం తర్వాత ఎక్కువగా వినపడేది ఉప్పు మాటే. ఉప్పు మానేసిన వారం రోజులకే రెండు కిలోలు తగ్గానని చెప్పేవాళ్లు ప్రతి వీధిలో ఒకరైనా ఉంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. కాకపోతే ఆ రెండు కిలోల్లో కొవ్వు ఎంత అన్నది కాటా చెప్పదు. ఉప్పుకీ బరువుకీ లంకె రెండు చోట్ల ఉంది: ఒకటి ఒంట్లో నిలిచే నీరు, రెండోది కంచంలో పెట్టుకునే ముద్దల లెక్క. మొదటిది తొందరగా కనిపించి తొందరగా పోతుంది. రెండోది కంటికి కనపడదు గాని, నిజంగా ఒళ్లు తగ్గడంతో దానికే ఎక్కువ సంబంధం.

ఎంత తింటున్నాం, ఎక్కడి నుంచి

వంట ఉప్పు అంటే సోడియం క్లోరైడ్. దాని బరువులో దాదాపు 40 శాతం సోడియం, మిగిలింది క్లోరిన్. అందుకే 5 గ్రాముల ఉప్పు తింటే సుమారు 2 గ్రాముల సోడియం తిన్నట్టు. ప్యాకెట్ల మీద ఉప్పుకు బదులు సోడియం అంకె వేస్తారు. దాన్ని రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు లెక్క తేలుతుంది. పెద్దవాళ్లు రోజుకు 5 గ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పెట్టిన హద్దు కూడా ఇంతే. మెత్తటి ఉప్పయితే చదునుగా కొట్టిన ఒక టీస్పూను. రోజంతటికీ, అన్ని వంటకాల్లోనూ కలిపి అంతే.

ఈ హద్దులో ఉన్న దేశాలు దాదాపు లేవు. ప్రపంచ సగటు 10.8 గ్రాములని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నివేదిక తేల్చింది. ఎంత ఉప్పు తింటారని మనుషుల్ని అడిగితే సరైన జవాబు రాదు, వండేవాళ్లకే తెలియదు. తిన్న సోడియంలో చాలా భాగం మూత్రంలోనే పోతుంది కనుక 24 గంటల మూత్రం పట్టి కొలవడమే నమ్మదగిన పద్ధతి. 2010 దశకంలో ఢిల్లీ, హర్యానాల్లోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ ఈ పద్ధతిలో కొలిచినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో సగటు 9 గ్రాములు దాటింది, ఉత్తరాదివారి కంటే కొంచెం ఎక్కువే.

అమెరికా, యూరప్ దేశాల్లో ఉప్పులో ఎక్కువ భాగం బ్రెడ్డు, చీజు, డబ్బా సూపులు, హోటలు తిండి ద్వారా లోపలికి పోతుంది. మన దగ్గర ఇంటి వంటగదే ప్రధాన ద్వారం. కాబట్టి అక్కడి పుస్తకాల్లోని ‘ప్యాకెట్ తిండి మానండి’ అన్న సలహా ఇక్కడ సగం పని కూడా చేయదు. తెలుగు ఇళ్లలో మామూలుగా అన్నం వండేటప్పుడు ఉప్పు వేయరు. ఆ చప్పటి అన్నానికి కావలసిన ఉప్పంతా పప్పు, కూర, పులుసు, పచ్చడి మోయాలి. అందుకే అవి విడిగా నోట్లో పెట్టుకుంటే ఉప్పగా, అన్నంలో కలిస్తే సరిగ్గా ఉంటాయి. ఆవకాయలో ఆవపిండి, కారం, ఉప్పు దాదాపు సమపాళ్లు. ఉప్పు తగ్గితే ఏడాది నిలవదు, బూజు పడుతుంది. దాని పక్కన వేయించిన అప్పడం, వడియాలు, ఊరమిరపకాయలు, చివర్లో మజ్జిగలోకి మళ్లీ చిటికెడు. గోదావరి జిల్లాలు, ఉత్తరాంధ్ర తీరంలో అయితే ఎండుచేపలు. ఏ ఒక్కటీ దోషి కాదు, అన్నీ కలిసి 9 గ్రాములవుతాయి.

కాటా ముల్లు, సెలైన్ సీసా

ఉప్పుకూ నీటికీ ఉన్న లెక్క అర్థం కావాలంటే ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్ సీసా చాలు. అందులో ఉండేది 0.9 శాతం ఉప్పునీరు, అంటే లీటరుకు 9 గ్రాములు. అర లీటరు సీసాలో నాలుగున్నర గ్రాములు. ఈ పాళ్లు ఎందుకంటే కణాల బయట మన ఒంట్లో తిరిగే ద్రవం దాదాపు అంతే ఉప్పగా ఉంటుంది. రక్తంలో సోడియం లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోళ్ల మధ్య ఉండాలి. ఈ హద్దును శరీరం చాలా పట్టుదలగా కాపాడుకుంటుంది. ఉప్పు కాస్త ఎక్కువైతే రక్తం చిక్కబడినట్టు మెదడు పసిగట్టి దాహం పుట్టిస్తుంది, మూత్రం ఎక్కువ పోకుండా బిగబట్టే హార్మోను వదులుతుంది. పాళ్లు మళ్లీ కుదిరేదాకా నీరు నిలుస్తుంది.

ఆ లెక్కన పెళ్లి భోజనంలో మామూలు కంటే ఓ 5 గ్రాముల ఉప్పు ఎక్కువ తిన్న మనిషి, అది కరిగి పోయేదాకా అర లీటరు పైన నీటిని మోస్తాడు. మర్నాడు పొద్దున కాటా అర కిలో ఎక్కువ చూపుతుంది. ఉంగరం బిగుస్తుంది, సాక్సు గుర్తు కాలి మీద లోతుగా పడుతుంది. మూత్రపిండాలు ఆ అదనపు ఉప్పును వదిలించుకోవడానికి రెండు మూడు రోజులు తీసుకుంటాయి. ఇదే వరస తిరగేస్తే ఉప్పు మానేసినవారి కథ. 10 గ్రాముల నుంచి ఒక్కసారిగా 3, 4 గ్రాములకు దిగితే మూత్రపిండాలు కొన్నాళ్లు పాత అలవాటులో ఉప్పును బయటికి పంపుతూనే ఉంటాయి, దాంతోపాటు నీరూ పోతుంది. వారంలోపు ఆల్డోస్టిరాన్ అనే హార్మోను పెరిగి ఉప్పును పట్టి ఉంచుతుంది, కొత్త సమతూకం వస్తుంది. మొత్తం తగ్గుదల చాలామందిలో అర కిలో నుంచి కిలోన్నర. అక్కడితో ఆగిపోతుంది. మళ్లీ ఉప్పు తింటే అదే వేగంతో తిరిగొస్తుంది.

కొవ్వు లెక్క వేరు. ఒంటి మీది కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీలు ఖర్చవ్వాలి. రోజుకు 500 కేలరీలు తగ్గించి తిన్నా దానికి రెండు వారాలు పడుతుంది. అందువల్ల వారంలో మూడు కిలోలు తగ్గించే ఏ పథకమైనా నీటినే అమ్ముతోందని ధైర్యంగా చెప్పవచ్చు. పిండిపదార్థాలు తగ్గించినప్పుడూ ఇదే జరుగుతుంది. కాలేయం, కండరాల్లో గ్లైకోజన్ రూపంలో నాలుగైదు వందల గ్రాముల పిండిపదార్థం దాగి ఉంటుంది. ప్రతి గ్రాముకూ దాదాపు మూడు గ్రాముల నీరు అంటి ఉంటుంది. అది ఖాళీ అయితే నీరూ పోతుంది.

దీనికి తలకిందులు కూడా ఉంది, అది మనుషుల్ని ఎక్కువ నిరాశపరుస్తుంది. ఆ వారం నిజంగానే అర కిలో కొవ్వు కరిగినా, శనివారం రాత్రి బిర్యానీతో వచ్చిన నీరు దాన్ని కప్పేస్తుంది. ఆడవాళ్లలో నెలసరికి ముందు రోజుల్లోనూ ఇలాగే నీరు పడుతుంది. స్టెరాయిడ్ మందులు వాడేవారిలోనూ అంతే. ఒకరోజు తూకం చూసి పథకం మానేసేకన్నా, రోజూ పొద్దున ఒకే వేళకు తూచి వారం సగటును చూసుకోవడం మేలు.

నీటి బరువును కావాలని దించే రంగం ఒకటుంది: తరగతుల వారీగా పోటీలు జరిగే కుస్తీ, బాక్సింగ్. తూకానికి ముందు ఉప్పూ నీరూ తగ్గించి, చెమట పట్టించి కిలోలు దించడం అక్కడ మామూలు. 2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్ ఫైనల్ నాటి ఉదయం వినేశ్ ఫోగట్ 50 కిలోల హద్దును 100 గ్రాములు దాటి అనర్హురాలైనప్పుడు, నీటి బరువు ఎంత మొండిదో దేశమంతా చూసింది. ఆటగాళ్లు మూత్రం జారీ చేసే మందులు వాడటం నిషిద్ధం. కాని బరువు తగ్గడానికి వీటిని సొంతంగా కొనుక్కుని మింగేవాళ్లు బయట ఉన్నారు. కొవ్వు చుక్క కూడా కరగదు, పొటాషియం పడిపోయి గుండె లయ తప్పే ప్రమాదం మాత్రం ఉంటుంది.

కెంప్నర్ వరి పత్యం

ఉప్పు లేని పత్యంతో బరువు తగ్గించిన ప్రయోగాల్లో అన్నిటికన్నా పేరు పొందింది వరి అన్నంతో చేసినదే కావడం తెలుగువారికి తమాషాగా తోస్తుంది. వాల్టర్ కెంప్నర్ బెర్లిన్ నుంచి 1934లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయానికి వెళ్లిన వైద్యుడు. అప్పటికి తీవ్రమైన రక్తపోటుకు సరైన మందు లేదు, రోగులు నెలల్లో చనిపోయేవారు. 1939 నుంచి ఆయన వాళ్లకు తెల్ల అన్నం, పళ్లు, పళ్లరసం, పంచదార మాత్రమే పెట్టడం మొదలెట్టాడు. ప్రోటీన్ రోజుకు 20 గ్రాముల వరకే, సోడియం సుమారు 150 మిల్లీగ్రాములు, అంటే అర గ్రాము ఉప్పు కూడా లేదు. కొందరిలో రక్తపోటు దిగింది, ఉబ్బిన గుండె చిన్నదైంది. కన్ను వెనక పొరలో కారిన రక్తం ఇంకిపోయింది. మొదట్లో బరువు తగ్గడం ఆయన ఉద్దేశం కాదు. కేలరీలు చాలడం కోసమే పంచదార కలిపేవాడు.

తర్వాత ఇదే పత్యాన్ని కేలరీలు కోసి ఊబకాయులకు వాడాడు. 1975లో ప్రచురించిన పత్రంలో 106 మంది సగటున 63.9 కిలోలు తగ్గినట్టు చూపాడు. అంకె అబ్బురమే, కాని చదవాల్సిన తీరొకటుంది. కనీసం 45 కిలోలు తగ్గినవారినే ఏరి ఆ 106 మందిని లెక్కించారు. మధ్యలో పారిపోయినవాళ్లు అందులో లేరు. పైగా రోగులు డర్హమ్ ఊళ్లో మకాం పెట్టి కఠినమైన నిఘాలో ఉండేవారు. దొంగతనంగా ఏమైనా తిన్నారేమోనని మూత్రంలో ఉప్పును పరీక్షించేవారు. అది నీరు మాత్రమే దిగిన తగ్గుదల అనడానికి వీల్లేదు. మరి కొవ్వెలా కరిగింది? ఉప్పు, నూనె, పులుపు, కారం ఏదీ లేని అన్నం ఎవరైనా ఎంత తింటారు? నాలుగు ముద్దల తర్వాత నోరు మొద్దుబారుతుంది. మన పెద్దలు జ్వరం వచ్చి తగ్గినవారికి పెట్టిన చప్పిడి పత్యం కూడా ఇలాంటిదే, దానితో ఎవరూ లావెక్కినట్టు వినలేదు.

నాలుక చేసే పని

‘ఉప్పూ కారం తింటున్నావా లేదా’ అని కోపంలో అడుగుతాం. రోషానికి మూలం రుచిలో ఉందని ఈ మాట భావన. తిండి విషయంలో అది అక్షరాలా నిజం. ఉప్పు ఉన్న చోట ఆకలి తీరినా చెయ్యి ఆగదు. వేడి అన్నం, ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ కలిపినప్పుడు ఎన్ని ముద్దలు లోపలికి పోయాయో ఎవరూ లెక్కపెట్టరు. అక్కడ లావు చేసేవి అన్నం, నెయ్యి. వాటిని లోపలికి నడిపించింది ఉప్పు. బరువు తగ్గించే ఆహారంలో ఉప్పు గురించి పట్టించుకోవలసిన ముఖ్యమైన సంగతి ఇదేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం. నీటి సంగతి దీని ముందు చిన్నది.

దీన్ని కొలిచి చూసినవారున్నారు. ఆస్ట్రేలియాలో 48 మంది పెద్దలకు ఒకే రకం మాకరోనీ, సాసును ఉప్పు పాళ్లు, కొవ్వు పాళ్లు మార్చి వేర్వేరు రోజుల్లో వడ్డించారు. 2016లో వెలువడిన ఫలితాల ప్రకారం ఉప్పు వేసిన రోజున వారు 11 శాతం ఎక్కువ తిన్నారు. నూనె ఎక్కువైతే కొందరిలో తిండి దానంతటదే తగ్గేది. ఉప్పు కలిస్తే ఆ అడ్డు కూడా పనిచేయలేదు. మిర్చి బజ్జీ, చిప్సు, మిక్చరు పొట్లం ఖాళీ అయ్యేదాకా ఎందుకు ఆగదో దీనితో తెలుస్తుంది.

దాహం మరో దారి. 2008లో బ్రిటన్ పిల్లల ఆహార లెక్కలు విశ్లేషించిన ఫెంగ్ హె, గ్రాహం మెక్‌గ్రెగర్‌లు ఒక్కో గ్రాము ఉప్పు తేడాకు రోజుకు 27 గ్రాముల తీపి శీతల పానీయం తేడా కనిపించిందని చూపారు. దాహానికి మంచినీళ్లే తాగే ఇంట్లో ఈ లంకె వర్తించదు. బిర్యానీతోపాటు కూల్‌డ్రింకు తప్పనిసరైన చోట వర్తిస్తుంది.

ఇంతకంటే కొంచెం వివాదాస్పదమైన అధ్యయనాలూ ఉన్నాయి. 2015లో అదే బృందం బ్రిటన్ సర్వే వివరాలతో, ఒక గ్రాము ఉప్పు పెరిగితే ఊబకాయం అవకాశం పిల్లల్లో 28 శాతం, పెద్దల్లో 26 శాతం ఎక్కువగా ఉందని, కేలరీల తేడాను మినహాయించినా ఇది నిలిచిందని రాసింది. ఆసక్తికరమైన మాటే. అయితే మనుషులు తాము తిన్నదాన్ని తక్కువ చేసి చెబుతారు, ఎక్కువ తినేవాళ్లు ఉప్పూ ఎక్కువే తింటారు. ఈ మెలిక విడదీయడం సర్వేకు సాధ్యం కాదు. కారణం ఉప్పేనని దీని మీద తీర్పు చెప్పడం తొందరపాటు.

అంగారక యాత్రకు సన్నాహంగా మాస్కోలో మూసిన గదుల్లో నెలల తరబడి ఉంచిన పది మంది పురుషులపై జరిగిన ప్రయోగం మరో చిక్కుముడి. వారికి కేలరీలు మార్చకుండా ఉప్పును 12, 9, 6 గ్రాములుగా మార్చారు. 2017లో వచ్చిన ఫలితం పాఠ్యపుస్తకాలకు ఎదురుగా ఉంది: ఉప్పు ఎక్కువ తిన్న వారాల్లో వారు నీళ్లు తక్కువ తాగారు, ఆకలి మాత్రం ఎక్కువైందన్నారు. ఉప్పును వదిలించుకుంటూ నీటిని కాపాడుకోవడానికి శరీరం యూరియా తయారుచేస్తుందని, ఆ పనికి శక్తి కావాలని, అందుకే ఆకలి పెరుగుతుందని ఎలుకల మీద చేసిన ప్రయోగాలతో కలిపి వివరించారు. పది మంది మగవాళ్లతో లోకమంతటికీ నియమం రాయలేం.

రక్తపోటు లెక్క

ఉప్పు తగ్గించడానికి అసలు కారణం నడుము చుట్టుకొలత కాదు, రక్తపోటు. అమెరికాలో 2001లో ఫలితాలు వచ్చిన డాష్-సోడియం ప్రయోగంలో 412 మందికి మూడు స్థాయిల సోడియంతో వండి పెట్టారు. బరువు మారకుండా కేలరీలు సరిచేస్తూ వచ్చారు. బరువు కదలకపోయినా రక్తపోటు మెట్లు దిగినట్టు దిగింది. మరోవైపు ఒక్కో కిలో బరువు తగ్గితే పై రక్తపోటు సుమారు ఒక పాయింటు తగ్గుతుందని అనేక ప్రయోగాల సమీక్ష తేల్చింది. రెండూ వేర్వేరు దారులు, కలిస్తే లాభం కలుస్తుంది. 60 నుంచి 80 ఏళ్ల వయసువారి మీద జరిగి 1998లో వెలువడిన టోన్ ప్రయోగంలో, రక్తపోటు మందు మానడానికి ప్రయత్నించిన స్థూలకాయుల్లో రెండూ పాటించినవారే ఎక్కువ మంది మందు లేకుండా నెగ్గుకొచ్చారు.

మరీ తగ్గిస్తే

తెలుగునాట ఈ చర్చకు రెండు కొసలున్నాయి. ఒక కొసన ఉప్పు, నూనె లేని వంటను ఏళ్లుగా ప్రచారం చేస్తున్న ప్రకృతి వైద్యుడు మంతెన సత్యనారాయణరాజు. మరో కొసన 2017, 2018 ప్రాంతంలో ఊరూరా పాకిన వీరమాచనేని రామకృష్ణ పద్ధతి: పిండిపదార్థాలు దాదాపు మాని కొబ్బరి నూనె వంటి కొవ్వులు తీసుకోవడం, రోజుకు నాలుగు లీటర్ల దాకా నీళ్లు తాగడం. పిండిపదార్థం తగ్గితే ఇన్సులిన్ తగ్గుతుంది. ఇన్సులిన్ తగ్గితే మూత్రపిండాలు సోడియాన్ని ఎక్కువగా వదిలేస్తాయి. కీటో తిండి మొదటి వారంలో చాలామందికి వచ్చే తలనొప్పి, కళ్లు తిరగడం, పిక్కలు పట్టేయడం వెనక ఇది పెద్ద కారణం. ఆ సమయంలో ఉప్పు కూడా మానేసి నీళ్లు మాత్రం కడవలకొద్దీ తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. 135 దిగితే వికారం, మగత. బాగా దిగితే మాట తడబడటం, మూర్ఛ. వయసు మళ్లినవారు, నీరు జారీ చేసే బీపీ మాత్రలు వేసుకునేవారు దీనికి తేలిగ్గా లోనవుతారు. రామగుండం ఎండలో పని చేసే మనిషికీ, ఏసీ గదిలో కూర్చునే మనిషికీ ఒకే ఉప్పు హద్దు చెప్పడం కూడా సరికాదు. లీటరు చెమటలో గ్రాము పైన ఉప్పు పోవచ్చు.

అయోడిన్ సంగతి ఎక్కువమందికి గుర్తురాదు. మనిషికి రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలి. అది అందకపోతే థైరాయిడ్ మందగించి బరువు పెరిగే అవకాశం ఉంది, తగ్గాలని మొదలెట్టిన పత్యానికి ఇది ఎదురుదెబ్బ. అయోడిన్ కలపని ఉప్పును తినడానికి అమ్మడం దేశమంతటా 2006 మే నుంచి నిషేధం. వాడకందారుకు చేరేసరికి కిలోకు కనీసం 15 మిల్లీగ్రాములు ఉండాలి. ఉన్న 5 గ్రాములూ అయోడిన్ ఉప్పే కావడం అందుకే ముఖ్యం. గులాబీ రంగు హిమాలయ ఉప్పు, సైంధవ లవణం, రాళ్ల ఉప్పు అన్నిట్లోనూ అత్యధిక భాగం సోడియం క్లోరైడే. ఒళ్లు తగ్గించే గుణం వేటికీ లేదు, చాలావాటిలో అయోడిన్ కూడా ఉండదు. రాళ్ల ఉప్పు చెంచాలో ఖాళీలు వదిలి కూర్చుంటుంది కనుక కొలతలో కాస్త తక్కువ పడుతుంది, తేడా అంతే.

ఉప్పు తగ్గించిన మొదటి వారాల్లో కూర గడ్డిలా ఉంటుంది. రెండు మూడు నెలలకు నాలుక సర్దుకుంటుంది, పాత పాళ్లతో వండింది ఉప్పుకషాయంలా తోస్తుంది. 1980ల తొలినాళ్లలో అమెరికాలో గ్యారీ బోషాంప్ బృందం దీన్ని ప్రయోగంతో చూపింది. మన వంటలో పులుపు ఈ మార్పును తేలిక చేస్తుంది. చింతపండు, నిమ్మరసం, గోంగూర ఉన్న వంటలో ఉప్పు కొంత తగ్గినా నోటికి తెలియదు. పప్పులో ఉడికేటప్పుడు కాక దింపాక ఉప్పు వేస్తే తక్కువతో సరిపోతుందని అనుభవమున్న వంటవాళ్లు చెబుతారు. ఊరగాయ మానక్కర్లేదు, కంచంలో దాని చోటు చెంచాడే ఉండాలి.

సోడియంలో కొంత భాగం తీసి పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పులు దుకాణాల్లో దొరుకుతున్నాయి. చైనాలో 600 గ్రామాల్లో 20,995 మందితో జరిగి 2021లో ఫలితాలు వచ్చిన ప్రయోగంలో ఇలాంటి ఉప్పు వాడినవారిలో పక్షవాతం 14 శాతం తగ్గింది. బరువు తగ్గించడానికి ఇవి పనికిరావు, రక్తపోటుకు పనికొస్తాయి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, పొటాషియాన్ని ఒంట్లో నిలిపే బీపీ మందులు వాడేవారు వైద్యుణ్ని అడగకుండా వీటి జోలికి పోకూడదు. వారిలో పొటాషియం పెరిగితే గుండె ఆగే ప్రమాదం ఉంది.